కుడివైపు పడ్డ సైకిల్

గేర్ సైకిల్ ఎలాగూ పడేదే అయితే ఎడమవైపు పడాలని కోరుకోండి. కుడివైపు పడితే పైకి ఒక్క గీత కనిపించకపోయినా గేర్లు పాడవుతాయి. ఎందుకు పాడవుతాయో, ఎలా బాగుచేసుకోవాలో నాకు కాస్త ఆలస్యంగా, కాస్త సిగ్గుగా తెలిసింది.

పోయిన సెమిస్టర్‌లో ఓ సాయంత్రం మా రూమ్మేట్ సైకిల్ తీసుకుని జిరాక్స్ షాపుకి వెళ్ళాను. స్టాండ్ సరిగ్గా వేయలేదు. ప్రింట్లు తీసుకుని బయటికొచ్చేసరికి బండి కుడివైపుకి పడి ఉంది. లేపి చూస్తే ఏమీ అవ్వలేదు. హమ్మయ్య అనుకుని ఎక్కాను. నాలుగో గేరులో పెడితే చైన్ మూడులోకి ఎక్కబోతున్నట్టు టకటకమంటోంది. ఐదులోనూ అంతే.

వాడికి చెప్పాల్సింది. చెప్పలేదు. హాస్టల్ వెనక చీకట్లో ఫోన్ లైటు వేసుకుని, స్క్రూడ్రైవర్‌కి అందిన ప్రతి స్క్రూనీ తిప్పాను. కేబుల్ వదులు చేశాను. ఎల్ అని రాసి ఉన్న స్క్రూని, అది ఎందుకుందో తెలియకుండానే, రెండు చుట్లు వెనక్కి తిప్పాను. నాలుగూ ఐదూ నిశ్శబ్దంగా పడ్డాయి. ఇంజనీర్‌ని అయిపోయాననుకుని వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు ఆదివారం. వాడు పొద్దున్నే కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కడానికి వెళ్ళాడు. ఏడు దాటాక ఫోన్. "మావా, వెనక చక్రం లాక్ అయిపోయిందిరా. పడ్డాను." ఎత్తు ఎక్కుతూ మొదటి గేరు వేశాడట. డిరైలర్ నేరుగా స్పోకుల్లోకి దూరింది. మూడు స్పోకులు తెగాయి, డిరైలర్ మెలితిరిగిపోయింది. నెమ్మదిగా వెళ్తున్నాడు కాబట్టి మోచెయ్యి గీరుకోవడంతో పోయింది.

ఇద్దరం సైకిల్ని మోసుకుంటూ షాపుకి తీసుకెళ్ళాం. షాపు బాబాయ్ వెనక నుంచి ఒక్కసారి చూసి, "ముందే వంగి ఉందే ఇది, ఎప్పుడు పడింది బాబూ?" అన్నాడు. మావాడు "ఇవాళే బాబాయ్, అంతకుముందు ఎప్పుడూ పడలేదు" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పాను.

ఇక అసలు పాఠం. వెనక చక్రం ఇరుసు దగ్గర, ఫ్రేమ్‌కి కుడివైపున బొటనవేలంత లోహపు ముక్క ఒకటి కిందికి దిగి ఉంటుంది. దాని పేరు హ్యాంగర్. డిరైలర్ వేలాడేది దానికే. అల్యూమినియం ఫ్రేముల్లో దీన్ని విడిగా, కావాలనే కాస్త మెత్తగా చేస్తారు. దెబ్బ తగిలితే ఫ్రేమ్ విరగకుండా ఇది వంగాలి. ఈఈఈ వాళ్ళకి ఫ్యూజు అంటే చాలు. కుడివైపు పడ్డప్పుడు నేలకి ముందు తగిలే వాటిలో డిరైలర్ ఒకటి. ఆ దెబ్బకి హ్యాంగర్ లోపలికి, అంటే స్పోకుల వైపుకి వంగుతుంది.

ఎంత వంగితే సమస్య? హ్యాంగర్ బోల్టు నుంచి పై పుల్లీకి సుమారు 6 సెంటీమీటర్లు అనుకోండి. 2 డిగ్రీలు వంగితే పుల్లీ దాదాపు 2 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది. 7 గేర్ల సైకిల్లో ఒక పళ్ళచక్రానికీ పక్కదానికీ మధ్య దూరం 5 మిల్లీమీటర్లే. 9 గేర్లదైతే 4.35. కంటికి కూడా ఆనని వంపు ఇంత గొడవ చేసేది అందుకే. పాత సైకిళ్ళలో క్లిక్కులుండేవి కావు. లివర్‌ని చేత్తో సరిచేసుకుంటూ తొక్కేవాళ్ళు కాబట్టి చిన్న వంపులు బయటపడేవి కావు. 1984లో షిమానో డ్యూరా-ఏస్‌లో క్లిక్కుల పద్ధతి తెచ్చాక హ్యాంగర్ తిన్నగా ఉండటం తప్పనిసరి అయింది.

మరి కేబుల్ సర్దితే నాలుగూ ఐదూ ఎలా బాగుపడ్డాయి? నేను 2 మిల్లీమీటర్ల తప్పుని ఇంకో 2 మిల్లీమీటర్ల తప్పుతో కొట్టేశాను, అంతే. కానీ పెద్ద పళ్ళచక్రాల వైపు వెళ్ళేకొద్దీ పుల్లీ కిందికి కూడా దిగుతుంది. బోల్టు నుంచి దూరం పెరిగితే పక్కకి జరిగే తప్పూ పెరుగుతుంది. అంటే మధ్యలో కుదిరిన లెక్క మొదటి గేరు దగ్గర కుదరదు. పైగా షిఫ్టర్‌ని గట్టిగా నొక్కితే కేబుల్ ఒక క్లిక్కుకి కావలసినదానికన్నా ఎక్కువే లాగుతుంది. ఆ ఎక్కువ లాగుడు స్పోకుల దాకా పోకుండా ఆపేదే ఎల్ స్క్రూ. నేను వదులు చేసింది దాన్నే.

కాబట్టి సైకిల్ పడ్డాక గేర్లు మొరాయిస్తే ముందు స్క్రూడ్రైవర్ లోపల పెట్టేయండి. వెనక చక్రం ఫ్రేమ్‌లో తిన్నగా కూర్చుందో లేదో చూడండి, అది వంకరగా ఉంటే అన్నీ వంకరగానే కనిపిస్తాయి. తర్వాత చైన్‌ని మధ్య గేరులో పెట్టి, సైకిల్ వెనక కూర్చుని, కన్ను పళ్ళచక్రాల ఎత్తులో ఉంచి చూడండి. డిరైలర్‌లోని రెండు పుల్లీలూ, పైన ఉన్న పళ్ళచక్రమూ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది పుల్లీ స్పోకుల వైపు వాలి ఉంటే హ్యాంగరో, డిరైలర్ పంజరమో వంగినట్టే. అది తేలేదాకా మొదటి గేరు జోలికి పోకండి. మధ్య గేరులో మెల్లగా ఇల్లు చేరండి.

కొలవడానికి షాపుల్లో పొడవాటి చెయ్యి ఉన్న గేజ్ ఉంటుంది. మా బాబాయ్ దగ్గర అది లేదు, ఇంకో వెనక చక్రం ఉంది. నాకు బాగా నచ్చింది ఇదే. హ్యాంగర్ థ్రెడ్డు 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు పిచ్. క్విక్ రిలీజ్ ఉండే వెనక ఇరుసులకి మామూలుగా ఉండేదీ అదే కొలత. 5 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో డిరైలర్ విప్పి, ఆ రంధ్రంలోకి రెండో చక్రం ఇరుసుని బిగించాడు. ఇప్పుడు రెండు చక్రాలు పక్కపక్కన ఉన్నాయి. హ్యాంగర్ తిన్నగా ఉంటే రెండు రిమ్ముల మధ్య ఖాళీ పైనా కిందా ముందూ వెనకా ఒకటే ఉండాలి. 26 అంగుళాల చక్రంలో 2 డిగ్రీల వంపు, ఎదురెదురు చోట్ల ఖాళీల మధ్య దాదాపు 2 సెంటీమీటర్ల తేడాగా కనిపిస్తుంది. స్కేలు చాలు! ఆ తేడా 4 మిల్లీమీటర్ల లోపుకి వచ్చేదాకా చక్రాన్నే పట్టుకుని మెల్లగా వంచాలి. మామూలు నట్టు ఇరుసుల థ్రెడ్డు వేరేది కావచ్చు, బలవంతంగా తిప్పితే హ్యాంగర్ థ్రెడ్డు పోతుంది.

స్టీలు ఫ్రేమ్ అయితే ఈ వంచడాన్ని బాగానే ఓర్చుకుంటుంది. అల్యూమినియం ఓర్చుకోదు. అటూ ఇటూ రెండు మూడుసార్లు వంచితే పగుళ్ళొస్తాయి, కొత్తది వేసుకోవడమే మేలు. ఒక ఫ్రేమ్ హ్యాంగర్ ఇంకో ఫ్రేమ్‌కి సాధారణంగా పట్టదు, అందుకే షాపుకి పాత ముక్కని చేత్తో పట్టుకెళ్ళండి. మావాడి హ్యాంగర్‌ని బాబాయ్ తిన్నగా చేయబోతే మూలలో సన్నటి పగులు కనిపించింది. కొత్త హ్యాంగర్ కన్నా డిరైలర్‌కీ స్పోకులకీ చాలా ఎక్కువైంది. అన్నీ నేనే ఇచ్చాను.

హ్యాంగర్ తిన్నగా అయ్యాకే స్క్రూల వంతు. హెచ్ స్క్రూతో పుల్లీని అతి చిన్న పళ్ళచక్రం కిందికి తేవాలి. ఎల్ స్క్రూతో, చైన్ అతి పెద్దదాన్ని ఎక్కాలి గానీ దాన్ని దాటకూడదు. ఆ తర్వాత కేబుల్ చివరన ఉండే గుండ్రటి అడ్జస్టర్. పెద్ద చక్రం వైపు ఎక్కడానికి బద్ధకిస్తే అపసవ్యంగా పావు చుట్టు, చిన్నదాని వైపు దిగడానికి బద్ధకిస్తే సవ్యంగా పావు చుట్టు. ఈ పని పది నిమిషాలు కూడా పట్టదు.

మావాడు ఇప్పుడూ సైకిల్ అడిగితే ఇస్తాడు. తిరిగి తెచ్చాక మాత్రం, నాతో మాట్లాడుతూనే వెనక్కి వెళ్ళి కూర్చుని, ఒక కన్ను మూసి పుల్లీల వైపు చూస్తాడు.