బ్రాండ్ మారితే మైలేజీ మారుతుందా? పాత కారు కొనేముందు కాస్త భౌతికశాస్త్రం

పదిహేనేళ్లుగా ఒకే కంపెనీ కారు నడుపుతున్న కుటుంబం అనుకోండి. ఆ కారు రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. ఆఫీసుకు రానూపోనూ రోజుకు 40 కిలోమీటర్లు. కొత్త కారు కొనే స్తోమత లేదు, హంగులూ అక్కర్లేదు. పెట్రోలు తక్కువ తాగే చిన్న సెకండ్ హ్యాండ్ కారు ఒకటి దొరికితే చాలు. ‘అలవాటైన కంపెనీనే తీసుకోండి’ అని మెకానిక్ చెబుతాడు. ‘ఆ కంపెనీది తీసుకోండి, లీటరుకు 25 ఇస్తుంది’ అని సహోద్యోగి చెబుతాడు. ఎవరి మాట వినాలి? ముందు కారును నడిపించడానికి ఎంత శక్తి కావాలో చూస్తే జవాబు కొంత తేలికవుతుంది.

పెట్రోలు ఎక్కడికి పోతుంది?

ఒక లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. రోజువారీ వాడకంలో పెట్రోలు ఇంజిన్ అందులో సుమారు ఐదో వంతునే చక్రాలకు చేరుస్తుంది. మిగతాది వేడిగా రేడియేటర్ నుంచి, పొగ గొట్టం నుంచి బయటకు పోతుంది. చక్రాలకు చేరిన శక్తి మూడు పనులకు ఖర్చవుతుంది. ఒకటి, టైర్లు దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం. రెండు, ఎదురుగాలిని తోసుకుంటూ పోవడం. మూడు, ఆగిన కారును మళ్లీ వేగం అందుకునేలా చేయడం.

మనుషులతో కలిపి వెయ్యి కిలోల బరువుండే చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను తీసుకుందాం. మామూలు రోడ్డు మీద దాని టైర్ల నిరోధం సుమారు 120 న్యూటన్లు. వేగం పెరిగినా ఇది పెద్దగా మారదు. గాలి నిరోధం సంగతి వేరు. అది వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గంటకు 40 కి.మీ. వేగంలో సుమారు 50 న్యూటన్లు ఉంటే, 80 దగ్గర 200, 100 దగ్గర 300 న్యూటన్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుందన్నమాట. 80 కి.మీ. వేగంలో లీటరుకు 22 కి.మీ. నడిచే కారు, ఇంజిన్ సామర్థ్యం అంతే ఉందనుకుంటే, 100 దగ్గర 16, 17కు పడిపోతుంది. కారు అదే, కంపెనీ అదే. మారింది యాక్సిలరేటర్ మీది పాదం ఒక్కటే.

ఊళ్లో లెక్క వేరు

నగరంలో గాలి అసలు సమస్య కాదు, బ్రేకులే సమస్య. వెయ్యి కిలోల కారు 40 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు దాని గతిజ శక్తి సుమారు 62 కిలోజౌళ్లు. సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే అదంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా మారి పోతుంది. అదే వేగంతో ఒక కిలోమీటరు ఆగకుండా వెళ్లడానికి కావలసింది దాదాపు 170 కిలోజౌళ్లు. కిలోమీటరులో మూడుసార్లు ఆగి బయలుదేరితే, ఆ ప్రయాణానికి అయ్యేంత శక్తిని బ్రేకులకే ధారపోసినట్టు.

గతిజ శక్తి, టైర్ల నిరోధం రెండూ బరువుతో పాటే పెరుగుతాయి. అందుకే ఊళ్లో తిరిగే కారుకు అన్నిటికంటే ముఖ్యమైన సంఖ్య దాని బరువు. రెండోది ఇంజిన్ పరిమాణం. పెద్ద ఇంజిన్‌ను చిన్న పనికి వాడితే దాని సామర్థ్యం పడిపోతుంది. ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు కూడా అది ఎక్కువ ఇంధనం తాగుతుంది. 40 కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణానికి తేలికైన బండి, వెయ్యి సీసీ అటూఇటూ ఇంజిన్ సరిపోవడానికి కారణం ఇదే.

లోగో కింద ఏముంది?

ఇప్పటిదాకా వేసిన లెక్కలో కంపెనీ పేరు ఎక్కడా రాలేదు. బరువు, ఆకారం, టైర్లు, ఇంజిన్ సామర్థ్యం మాత్రమే వచ్చాయి. ఒకే కంపెనీకి చెందిన రెండు మోడళ్ల మధ్య వీటిలో ఉండే తేడా, వేర్వేరు కంపెనీల ఒకే తరహా కార్ల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉండవచ్చు.

పైగా లోగో మారినా లోపలి యంత్రం మారని సందర్భాలు మన రోడ్ల మీదే ఉన్నాయి. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఒకప్పుడు మారుతి స్విఫ్ట్‌లో, టాటా ఇండికా విస్టాలో, ఫియట్ పుంటోలో కూడా ఉండేది. 2019లో వచ్చిన టయోటా గ్లాంజా ప్రాథమికంగా మారుతి బలెనోయే. ఇలాంటి జంటల్లో పాత కార్ల మార్కెట్లో ఏది తక్కువ ధరకు, మంచి స్థితిలో దొరికితే దాన్ని తీసుకోవచ్చు.

అలాగని బ్రాండుకు విలువే లేదని కాదు. దాని విలువ ఇంజిన్‌లో కంటే విడిభాగాల దుకాణంలో ఎక్కువగా తెలుస్తుంది. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఇలాంటి కార్లు చవగ్గా దొరికినప్పుడు, మీ ఊళ్లో వాటి విడిభాగాలు దొరుకుతాయా, వాటిని విప్పడం తెలిసిన మెకానిక్ ఉన్నాడా అని ముందే విచారించుకోవాలి.

కంపెనీ చెప్పే మైలేజీ

ప్రకటనల్లో కనిపించే మైలేజీ సంఖ్య ప్రయోగశాల పరీక్ష నుంచి వస్తుంది. కారును రోలర్ల మీద నిలబెట్టి, ముందే నిర్ణయించిన క్రమంలో వేగం పెంచుతూ, తగ్గిస్తూ సుమారు 20 నిమిషాలు నడుపుతారు. ఆ క్రమంలో గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. మే నెల ఎండలో పూర్తి ఏసీ, నలుగురు ప్రయాణికులు, ఫ్లైఓవరు ఎక్కడాలు, గుంతలు అందులో ఉండవు. కాబట్టి ఆ సంఖ్య మీ కారు ఎంత ఇస్తుందో చెప్పదు. ఒకే పరీక్ష రాసిన రెండు కార్లను పోల్చడానికి మాత్రం పనికొస్తుంది.

20 నుంచి 25కి: ఎంత మిగులుతుంది?

లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అనే కొలతే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో ‘సైన్స్’ పత్రికలో ఈ పొరపాటును వివరించారు. వాళ్లు గ్యాలన్‌కు మైళ్ల గురించి రాశారు, మన కిలోమీటర్లకూ అదే వర్తిస్తుంది.

ఏడాదికి 12,000 కి.మీ. తిరుగుతారనుకుందాం. లీటరుకు 10 కి.మీ. ఇచ్చే కారుకు 1,200 లీటర్లు కావాలి. 15 ఇచ్చే దానికి 800, 20 ఇచ్చే దానికి 600, 25 ఇచ్చే దానికి 480 లీటర్లు చాలు. 10 నుంచి 15కి మారితే 400 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 25కి మారినా పెరిగింది అదే 5, కానీ మిగిలేది 120 లీటర్లే. లీటరు వంద రూపాయలనుకుంటే ఏడాదికి 12,000 రూపాయలు. ఆ 5 కిలోమీటర్ల కోసం లక్ష రూపాయలు ఎక్కువ పెడితే, అది తిరిగి రావడానికి ఎనిమిదేళ్లకు పైగా పడుతుంది. పాత కారు మరో ఎనిమిదేళ్లు నడుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న.

అందుకే కొత్తది వెతికేముందు ఇప్పుడున్న కారు మైలేజీని కొలవండి. బంకులో పంపు దానంతటదే ఆగేదాకా ట్యాంకు నింపించి, మీటరు రీడింగు రాసుకోండి. కనీసం 300 కి.మీ. తిరిగాక అదే బంకులో మళ్లీ అలాగే నింపించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పోసిన లీటర్లతో భాగిస్తే మీ అసలు మైలేజీ వస్తుంది. అది 12 ఉంటే మారడం వల్ల లాభం గట్టిగానే ఉంటుంది. 18 ఉంటే తొందరపడాల్సిన పని లేదు.

ఏ ఏడాది కారు?

బ్రాండు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి సుమారు 21 మెగాజౌళ్లే. ఆ లెక్కన ఈ20 ఇంధనంలో శుద్ధ పెట్రోలు కంటే దాదాపు 7 శాతం, 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కంటే మూడున్నర శాతం శక్తి తక్కువ. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో ఇంధనం తగిలే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఈ20కి తట్టుకునేవిగా ఉంటాయి. అంతకు ముందు కారైతే యజమాని పుస్తకంలో ఏముందో చూడాలి, ఇంధన గొట్టాలను మెకానిక్‌తో పరీక్షించాలి.

భద్రత విషయంలోనూ తయారీ తేదీ కీలకం. కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ 2022 ఆరంభం నుంచి తప్పనిసరి. అంతకు ముందు వచ్చిన చవక మోడళ్లలో చాలావాటికి ఇవి లేవు. తేలికైన కారు పెట్రోలు ఆదా చేస్తుంది నిజమే, కానీ బరువైన వాహనాన్ని ఢీకొన్నప్పుడు ఆ తేలికతనమే నష్టం. లీటరుకు రెండు కిలోమీటర్లు తగ్గినా ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న కారే మేలు.

చూడటానికి వెళ్లినప్పుడు

పది కిలోమీటర్లు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా తాకకుండా చెయ్యి పెట్టి చూడండి. ముందు చక్రాలు వెనకవాటి కంటే వేడిగా ఉండటం మామూలే. ఎడమ, కుడి చక్రాల్లో ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పూర్తిగా వదలడం లేదు. మైలేజీ అక్కడే కారిపోతోంది.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల తయారీ సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. 25,000 కి.మీ. మాత్రమే తిరిగిందని మీటరు చూపిస్తున్న కారుకు ఇప్పటికే టైర్లు మార్చి ఉంటే, ఎందుకు మార్చారో అడగండి. సర్వీసు రికార్డులతో మీటరు రీడింగు పోల్చండి.

పెట్రోలు ఇంజిన్ ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి కలిపి మండించాలి. ఆక్సిజన్ సెన్సర్ పాడైతే ఈ నిష్పత్తి తప్పి పెట్రోలు ఎక్కువ కలవవచ్చు. అప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. కొనేముందు మీ ఎదుటే కాలుష్య పరీక్ష చేయించి, పాస్ ముద్రతో సరిపెట్టుకోకుండా అందులోని అంకెలు చదవండి. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు స్కానర్ పెట్టించి లోపాల కోడ్‌లు కూడా చూడవచ్చు.

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. తేలికైన కారు, సరిగా గాలి నింపిన టైర్లు, సిగ్నల్ ఎర్రగా కనిపించగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసే అలవాటు. జేబుకూ గాలికీ మేలు చేసే ఈ మూడూ ఏ కంపెనీ కారుకైనా పనిచేస్తాయి.