కనురెప్పల వాపు – కారణాలు, చికిత్స



పొద్దున లేచేసరికి కనురెప్ప ఉబ్బి ఉంటే ఇంట్లో తలా ఒక మందు చెబుతారు. ఒకరు ఆకుపసరు పిండమంటారు, ఒకరు చనుబాలు వేయమంటారు, ఇంకొకరు మెడికల్ షాపులో చుక్కల మందు తెమ్మంటారు. ఏదైనా వేసే ముందు వాపు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలి. రెప్ప ఉబ్బిన ప్రతిసారీ జబ్బు కంటిలోనే ఉండదు.

కనురెప్ప చర్మం ఒంట్లో అన్నిటికంటే పలుచనిది. దాని క్రింద భాగం వదులుగా ఉంటుంది. అందుకే ఒంట్లో నీరు చేరినా, పురుగు కుట్టినా వాపు అక్కడ త్వరగా కనబడుతుంది.

ఒక కంటికే వాపు వస్తే

1. కంటి కురుపు: రెప్ప అంచున ఎర్రగా, నొప్పిగా లేస్తుంది. గోరువెచ్చని నీటిలో శుభ్రమైన గుడ్డ ముంచి, పిండి, రోజుకు నాలుగుసార్లు పది నిమిషాల చొప్పున కాపడం పెట్టండి. చాలావరకు ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. గిల్లకూడదు. మాటిమాటికీ వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోండి.

2. నొప్పి లేని గడ్డ: రెప్పలోని నూనె గ్రంథి మూసుకుపోతే వస్తుంది. దీనికీ కాపడమే మొదటి చికిత్స. నెల దాటినా తగ్గకపోతే చిన్న ఆపరేషన్‌తో తీసివేస్తారు. పెద్ద వయసువారికి ఒకేచోట మళ్లీ మళ్లీ వస్తే క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి.

3. పురుగు కుట్టడం: నల్లమల వైపు తేనెటీగ కుట్టి వచ్చేవారు ఉంటారు. ముల్లు తీసి చల్లని గుడ్డ పెట్టండి. పెదవులు, నాలుక వాచినా, ఆయాసం వచ్చినా ప్రాణాపాయమే. వెంటనే 108కి ఫోన్ చేయండి.

రెండు కళ్లకూ వాపు వస్తే

దురద, నీరు కారడం ఉంటే అది ఎలర్జీ కావచ్చు. వరి నూర్పిళ్ల దుమ్ము, కాటుక, తలకు వేసే రంగు కూడా కారణమవుతాయి. కళ్లు నలపకండి, చల్లని నీటితో కడగండి. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తన చేలలో క్రాసింగ్‌కు వెళ్లేవారు మందు అంటిన చేతులతో కళ్లు తుడుచుకోకూడదు. పురుగు మందు కంట్లో పడితే వెంటనే పదిహేను నుండి ఇరవై నిమిషాలు మంచినీటి ధారతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి రండి.

పిల్లల విషయంలో జాగ్రత్త

తల్లిదండ్రులు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. నొప్పి, ఎరుపు, దురద ఏమీ లేకుండా పిల్లవాని రెండు రెప్పలూ ఉదయం ఉబ్బి, సాయంత్రానికి తగ్గి, కాళ్లు వాస్తుంటే అది మూత్రపిండాల జబ్బు కావచ్చు. మూత్రం నురగగా లేదా తక్కువగా వస్తుంది. గొంతునొప్పి, ఒంటిమీద పుండ్లు వచ్చిన కొద్ది వారాలకు మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం కూడా ప్రమాద సూచనే. కంట్లో చుక్కలు వేస్తూ కూర్చుంటే విలువైన రోజులు పోతాయి. మూత్రపరీక్ష చిన్నదే, ఖర్చూ తక్కువే. జబ్బు త్వరగా తెలిస్తే చాలామంది పిల్లలు మందులతో కోలుకుంటారు. మందులు మధ్యలో ఆపకూడదు.

గర్భిణీ స్త్రీకి ముఖం వాచి, తలనొప్పి ఉంటే ఆ రోజే బి.పి. చూపించాలి.

తెల్లవారేదాకా ఆగకూడని లక్షణాలు

• జ్వరంతో రెప్ప ఎర్రగా వాచి కన్ను తెరవలేకపోవడం
• కనుగుడ్డు ముందుకు రావడం, కదిపితే నొప్పి
• చూపు తగ్గడం, ఒకటి రెండుగా కనబడటం

చేయకూడనివి

ఆకుపసరు, చనుబాలు కంట్లో వేయకండి. వాటివల్ల నల్లగుడ్డుపై పుండు పడి చూపు పోవచ్చు. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ చుక్కలు వాడకండి. ఎక్కువకాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతింటుంది. ఒకరి తువ్వాలు మరొకరు వాడకండి.

బేత్సయిదాలో గ్రుడ్డివాడు తనంతట తాను రాలేదు, కొందరు అతనిని యేసునొద్దకు తీసుకొనివచ్చారని మార్కు సువార్త 8వ అధ్యాయంలో చూస్తాము. మన ఇంటిలోనో పొరుగింటిలోనో రెప్పలు ఉబ్బిన పసివాడు ఉంటే వానిని పరీక్షకు తీసుకొనివచ్చే బాధ్యత మనదే. దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.