బూజుపట్టిన వేరుసెనగ – పాడిపశువులు

బూజుపట్టిన వేరుసెనగగింజలను పాఱవేయుటకు మనకు మనసొప్పదు. “గానుగకు పనికివచ్చును, చెక్క గేదెకు పెట్టుదము” అనుకొందుము. చిక్కంతయు అచ్చటనే యున్నది.

1960వ సంవత్సరమున ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోడిపిల్లలు కొలది మాసములలో చచ్చినవి. వానికి మేపిన వేరుసెనగచెక్కయే కారణమని పిదప తేలెను. ఆ చెక్కలో ఒకవిధమగు బూజు పుట్టించిన విషమునకు అఫ్లటాక్సిను అని పేరిడిరి. అది కాలేయమును చెఱచును. మనుష్యులకును తప్పలేదు, 1974లో రాజస్థానము, గుజరాతు పల్లెలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూఱుమందికి పైగా మరణించిరి.

ఈ విషము వండినను పోదు. ఎండబెట్టినచో బూజు పెరుగుట యాగునే కాని, అంతకుముందు పుట్టిన విషము అట్లే నిలుచును. గానుగాడినపుడు అది నూనెలోకంటె చెక్కలోనే ఎక్కువగా మిగులును. ఆ చెక్క తినిన గేదె పాలలోనికి కొంత దిగును; ఆ పాలు త్రాగువారు మన బిడ్డలే.

పంట తుదిదినములలో బెట్ట తగిలినచో బూజు నేలలోనే కాయ నంటును. నీటివసతి గలవారు అప్పుడొక తడి యియ్యవలయును. పెఱికిన మొక్కలను కాయలు పైకుండునట్లు త్రిప్పి యెండనిండు. పగిలిన కాయలను వేఱుచేయుడు. ఆడించినపుడు లోని గింజ గలగలలాడవలెను. గింజలో తేమ నూటికి 8 పాళ్లు మించరాదు. ఒలుచుట సుళువని యెండిన కాయలపై నీళ్లు చల్లువారు కలరు. ఇంతకంటె చెడ్డ యలవాటు నాకు కానరాదు. బస్తాలను నేలపైగాక బల్లలపై, గోడకు ఎడముగా పేర్చుడు. ఏరిన బూజుగింజలను పశువులకుగాని కోళ్లకుగాని వేయక గోతిలో పూడ్చుడు.