జీఆర్‌ఈలో 325 వచ్చింది.. మళ్లీ రాయాలా?

జీఆర్‌ఈలో 300 దాటని వారికి ఏం చేయాలన్న సందేహం ఉండదు. మళ్లీ చదవాలి, మళ్లీ రాయాలి. 320 దాటినవారికే చిక్కంతా. రూమ్మేట్‌కి 331 వచ్చిందని తెలుస్తుంది. కన్సల్టెన్సీలో సారు ‘ఇంకో ఐదారు పాయింట్లు పెంచుకుంటే మంచి యూనివర్సిటీలు దొరుకుతాయి’ అంటారు. డల్లాస్‌లో ఉన్న బావ ‘అది చాల్లే, ముందు ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) మీద కూర్చో’ అంటాడు. ఎవరి మాట వినాలో తేలేలోపు ఇరవై రోజులు గడిచిపోతాయి.

మళ్లీ రాయాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఒకే ఒక్క ప్రశ్న చాలు. నా స్కోరు నాలుగైదు పాయింట్లు పెరిగితే ఏ యూనివర్సిటీలో, ఏ ప్రోగ్రామ్‌లో నా దరఖాస్తు గతి మారుతుంది? పేరు పెట్టి చెప్పగలిగితే మళ్లీ రాయడంలో అర్థం ఉంది. చెప్పలేకపోతే ఆ కోరిక 331 వచ్చిన రూమ్మేట్‌ని చూసి పుట్టిందే. ఆ జవాబు దొరకాలంటే మాత్రం కొన్ని లెక్కలు సరిచూసుకోవాలి.

మొత్తాన్ని విడదీసి చూడండి

325 అనే అంకె అధికారిక స్కోర్ రిపోర్టులో ఉండదు. వెర్బల్, క్వాంట్‌లకు 130 నుంచి 170 వరకు, అనలిటికల్ రైటింగ్‌కు 0 నుంచి 6 వరకు మూడు స్కోర్లను పరీక్ష నిర్వహించే ఈటీఎస్ విడివిడిగా ఇస్తుంది. మొదటి రెండింటినీ కలిపి మాట్లాడుకోవడం మనకున్న అలవాటు.

ఈ అలవాటు వల్ల అసలు విషయం మరుగున పడుతుంది. ఒకరికి క్వాంట్ 169, వెర్బల్ 156. మరొకరికి క్వాంట్ 163, వెర్బల్ 162. ఇద్దరి మొత్తమూ 325. ఇద్దరూ కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్‌కే దరఖాస్తు చేస్తున్నారనుకుందాం. మొదటివారికి క్వాంట్‌లో పెరగడానికి మిగిలింది ఒక్క పాయింటు. వెర్బల్ నాలుగు పెరిగినా ఇంజినీరింగ్ విభాగాల్లో దానికి వచ్చే అదనపు విలువ తక్కువ. రెండోవారి సంగతి వేరు. క్వాంట్ పరీక్షలో గట్టివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి 165 తెచ్చుకున్నా పర్సంటైల్ 70 దగ్గరే తచ్చాడుతుంది. వెర్బల్‌లో 160 వస్తే చాలు, 80 దాటుతుంది. కాబట్టి రెండోవారు మళ్లీ రాయాలని ఆలోచించడం సబబే. పబ్లిక్ పాలసీకో, కమ్యూనికేషన్స్‌కో వెళ్లేవారికి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ వెర్బల్, రైటింగ్ స్కోర్ల బరువు ఎక్కువ.

రెండు పాయింట్లు నిజంగా తేడాయేనా?

ఏ పరీక్షా మనిషి సత్తాను కచ్చితంగా కొలవలేదు. కాటా ముల్లు కాస్త అటూ ఇటూ ఊగినట్టు జీఆర్‌ఈ స్కోరూ ఊగుతుంది. వెర్బల్‌లోనైనా క్వాంట్‌లోనైనా ఆ ఊగిసలాట రెండు పాయింట్లకు కాస్త పైగా ఉంటుందని ఈటీఎస్ లెక్కలే చెబుతాయి. అంటే 163 వచ్చిన విద్యార్థి ఏమీ చదవకుండా మళ్లీ రాసినా 165 రావచ్చు, 161 కూడా రావచ్చు. 325ను 327 చేసుకోవడానికి మళ్లీ రాస్తే అదృష్టాన్ని పరీక్షించుకున్నట్టే. ఒక విభాగంలోనే నాలుగైదు పాయింట్లు పెరిగే దారి కళ్ల ముందు ఉంటేనే దాన్ని ప్రయత్నం అనాలి.

ఆ దారి ఉందో లేదో చెప్పేవి మీ మాక్ టెస్టులు. ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ పరీక్షల్లో ఎంత వచ్చింది, అసలు పరీక్షలో ఎంత వచ్చింది పక్కపక్కన పెట్టి చూడండి. మాక్‌లో 331 వచ్చి అసలు పరీక్షలో 323కు పడిపోతే ఆ ఎనిమిది పాయింట్లు ఎక్కడ పోయాయో వెతకాలి. ఆ రోజు జ్వరమా? మొదటి సెక్షన్‌లో ఒక లెక్క దగ్గరే ఐదు నిమిషాలు ఇరుక్కుపోయారా? కారణం దొరికితే మళ్లీ రాయవచ్చు. మాక్‌లో 322, అసలులో 325 వస్తే మాత్రం మీ స్థాయి మేరకు మీరు రాసేశారు. కొత్తగా నేర్చుకునేది ఏమీ లేకుండా మళ్లీ రాస్తే ఆ స్కోరు దాటడం కష్టం.

తగ్గితే పరువు పోతుందా?

చాలామందిని ఆపేది ఈ భయమే. అది అనవసరం. స్కోర్‌సెలెక్ట్ సదుపాయంతో గత ఐదేళ్లలో రాసిన పరీక్షల్లో ఏ తేదీ స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు. రెండోసారి తగ్గితే మొదటిదే పంపండి. ఒక్క షరతు గుర్తుంచుకోవాలి. ఒక తేదీ స్కోరు పంపితే అందులోని మూడు భాగాలూ వెళ్తాయి. జూలైలో వచ్చిన క్వాంట్‌ను, అక్టోబరులో వచ్చిన వెర్బల్‌ను కలిపి ఒకే రిపోర్టుగా పంపడం కుదరదు.

పరీక్ష హాల్లో స్కోరు రద్దు చేసుకునే అవకాశం కూడా ఉంటుంది. అయితే ఆ నిర్ణయం స్కోరు తెరమీద కనిపించకముందే తీసుకోవాలి. బాగా రాయలేదన్న బెంగతో మంచి స్కోరును రద్దు చేసుకోవద్దు.

ఐదేళ్ల గడువు ఉద్యోగం చేస్తున్నవారికీ పనికొస్తుంది. 2022లో రాసిన పరీక్ష మూడు గంటల 45 నిమిషాల పాత పద్ధతిలో ఉండేది. 2023 సెప్టెంబరు నుంచి అది రెండు గంటల్లోపుకు తగ్గింది. స్కోరు కొలత మాత్రం మారలేదు. పాత పద్ధతిలో వచ్చిన స్కోరు కదా అని మళ్లీ రాయనక్కర్లేదు.

అసలు ఖర్చు ఎక్కడుంది?

ఫీజు ఇరవై వేల పైమాటే. అంతకన్నా ఖరీదైనది సమయం. రెండు పరీక్షల మధ్య కనీసం 21 రోజుల ఎడం ఉండాలి. ఏ పన్నెండు నెలల్లోనూ ఐదుసార్లకు మించి రాయకూడదు. రాశాక అధికారిక స్కోరు రావడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. ఫాల్ ప్రవేశాలకు చాలా పీహెచ్‌డీ ప్రోగ్రాములు, పేరున్న ఎంఎస్ ప్రోగ్రాములు డిసెంబరులోనే దరఖాస్తు గడువు ముగిస్తాయి. డిసెంబరు 15 గడువు ఉన్నచోటికి నవంబరు మొదటి వారం దాటాక పరీక్ష పెట్టుకుంటే గుండె అరచేతిలో పెట్టుకోవాల్సిందే.

ఆ నెలలోనే చేయాల్సిన పనులు ఇంకెన్నో ఉంటాయి. ఎస్‌ఓపీని ఒక్కో ప్రోగ్రామ్‌కి తగ్గట్టు తిరగరాయాలి. సిఫారసు లేఖల కోసం అధ్యాపకుల్ని కలవాలి. మనమే రాసుకొని హెచ్‌ఓడీ సంతకం పెట్టించుకున్న లేఖకూ, మీ ప్రాజెక్టు చూసిన అధ్యాపకుడు స్వయంగా కూర్చుని రాసిన లేఖకూ ఉన్న తేడా చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. 325 ఉన్నవారికి ఆ లేఖ తెచ్చిపెట్టే లాభం చాలాసార్లు మూడు పాయింట్ల కంటే ఎక్కువ.

పైగా 2020 కొవిడ్ తర్వాత చాలా విభాగాలు జీఆర్‌ఈని ఐచ్ఛికం చేశాయి. కొన్ని పూర్తిగా తీసేశాయి, తీసేసి మళ్లీ పెట్టినవీ ఉన్నాయి. ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ విభాగం జీఆర్‌ఈ స్కోరే అడగదు. మీరు ఎంచుకున్న ఎనిమిది ప్రోగ్రాముల్లో ఐదు ఇలాంటివే అయితే రెండోసారి పరీక్ష మిగిలిన మూడింటి కోసమే. యూనివర్సిటీ పేరు చూసి ఊరుకోకుండా విభాగం వెబ్‌సైట్‌లో ఈ ఏటి నిబంధన చూసుకోవాలి.

ఎవరు రాయాలి?

* మీ ప్రోగ్రామ్ ప్రకటించిన కనీస స్కోరుకో, చేరినవారి సగటుకో మీ ముఖ్య విభాగం మూడు నాలుగు పాయింట్లు తక్కువగా ఉన్నవారు.
* మాక్‌లకూ అసలు పరీక్షకూ ఐదు పాయింట్లకు మించి తేడా వచ్చి, దానికి కారణం తెలిసినవారు.
* రైటింగ్‌లో విభాగం అడిగిన కనీసానికి తగ్గినవారు. అలాంటి నిబంధన లేకపోతే ఒక్క రైటింగ్ కోసం మళ్లీ రాయనక్కర్లేదు.
* స్కాలర్‌షిప్‌కో, అసిస్టెంట్‌షిప్‌కో జీఆర్‌ఈని లెక్కలోకి తీసుకుంటామని విభాగం రాతపూర్వకంగా చెప్పినచోట దరఖాస్తు చేసేవారు.

ఎవరు ఆగాలి?

* ఇంజినీరింగ్‌కి వెళ్తూ క్వాంట్‌లో 167 పైన ఉన్నవారు.
* రెండుసార్లు రాసి దాదాపు ఒకే స్కోరు తెచ్చుకున్నవారు.
* గడువుకు ఆరు వారాలైనా లేనివారు, ఎస్‌ఓపీ ఇంకా మొదలుపెట్టనివారు.

రాస్తే ఇలా రాయండి

మళ్లీ మొదటి నుంచి వెయ్యి పదాల జాబితా బట్టీ పట్టడం 320 పైన ఉన్నవారికి పెద్దగా అక్కరకు రాదు. మాక్‌లలో తప్పిన ప్రశ్నలన్నిటినీ ఒక నోట్‌బుక్‌లో రాసి, పక్కన కారణం రాయండి. తెలియక తప్పిందా, తొందరలో తప్పిందా, సమయం చాలక వదిలేశారా? 163 దగ్గర ఆగినవారి క్వాంట్‌లో తరచూ కనిపించేవి తొందర తప్పులే. రుణ సంఖ్య, సున్నా, భిన్నం పెట్టి చూడకుండా క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో జవాబు గుర్తించడం అలాంటిదే. మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో దాంట్లో 15కు 26 నిమిషాలు. మొదటి దాంట్లో ఎలా రాశారన్న దాన్నిబట్టే రెండో దాని కఠినత్వం నిర్ణయమవుతుంది. అందుకే తేలిక లెక్కలో చేసిన తొందర తప్పుకు మూల్యం రెండింతలు. తేదీ ఒక్కటే పెట్టుకోండి. ఆ తర్వాత ఎంత వచ్చినా మూడోసారి లేదని ఇప్పుడే అనుకోండి.

ఈ వారంలోనే ఒక కాగితం తీసుకుని మీరు దరఖాస్తు చేసే ప్రోగ్రాముల పేర్లు వరుసగా రాయండి. ఒక్కోదాని ఎదురుగా జీఆర్‌ఈ అడుగుతుందా, ఎంత అడుగుతుంది, గడువెప్పుడు అని నింపండి. మీ స్కోరు పెరిగితే మాత్రమే తలుపు తెరుచుకునే పేర్లకు గీత పెట్టండి. రెండు మూడు పేర్లకైనా గీత పడితే పరీక్ష స్లాటు బుక్ చేయండి. ఒక్కటీ లేకపోతే ఆ ఇరవై వేలను దరఖాస్తు ఫీజులకు దాచి, రేపు ఉదయం మీ ప్రాజెక్టు గైడ్‌ని కలవండి.