జెల్ల ముల్లు, పసుపు ముద్ద

అడవులదీవి, నిజాంపట్నం వైపు నుండి హాస్టలుకు వచ్చిన మాకు జెల్ల ముల్లు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వలలోంచి చేపను తీసేటప్పుడు ముల్లు దిగిందంటే కాసేపట్లోనే వేలు ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, సలపడం మొదలుపెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే పసుపు ముద్ద పెడతారు. ఎందుకు పెడతారో పై చదువుకు వచ్చేదాకా మేము అడగలేదు.

ఎరుపు, వేడి, వాపు, నొప్పి. ఈ నాలుగు లక్షణాలను క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. శాస్త్రంలో దీన్ని శోథ అంటారు. నిజానికి ఇది రోగం కాదు, మన శరీరం చేసే యుద్ధం. చర్మం కింద మాక్రోఫేజ్ అనే భక్షక కణాలు కాపలా ఉంటాయి. వాటిలో ఎన్.ఎఫ్. కప్పా బి అనే ప్రోటీను ఉంది. మామూలప్పుడు ఇంకొక ప్రోటీను దాన్ని కదలకుండా పట్టుకొని ఉంటుంది. సూక్ష్మజీవుల జాడ తగలగానే ఆ పట్టు తెగిపోతుంది. ఎన్.ఎఫ్. కప్పా బి కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను మేల్కొలుపుతుంది. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత పదార్థాలు విడుదలై, రక్తనాళాలు వదులై, మరిన్ని తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి. ఈ యుద్ధం ఆగవలసినప్పుడు ఆగకపోతేనే కీళ్లవాతం వంటి జబ్బులు.

పసుపులోని రంగు పదార్థం కుర్కుమిన్. ఇది ఆ పట్టు తెగకుండా చూస్తుందని, అంటే ఎన్.ఎఫ్. కప్పా బి ని లేవనీయదని 1995లో ప్రయోగశాలలో పెంచిన కణాల మీద చూపించారు. అదే సంవత్సరం గాయాలు మాన్పే పసుపు మీద అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేటెంటు పొందింది! మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపించి సవాలు చేస్తే 1997లో అది రద్దయింది. తెనాలి పక్కన దుగ్గిరాల పసుపు యార్డు చూసినవాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది గాని, కాగితం మీద రుజువు లేకపోతే మన మాట చెల్లదని కూడా దీనివల్ల తెలిసింది.

అయితే గాజు పాత్రలోని కణం వేరు, మనిషి వేరు. పసుపులో కుర్కుమిన్ సుమారు 3 శాతమే. చెంచా పసుపు 3 గ్రాములనుకుంటే 90 మిల్లీగ్రాములు. అదీ నీళ్లలో కరగదు, పేగుల నుండి రక్తంలోకి చేరేది స్వల్పం. బట్ట మీద కూర మరకకు సబ్బు తగిలితే ఎర్రబడటం చూశాం కదా, క్షారం తగిలితే కుర్కుమిన్ మారిపోతుందనడానికి అదే గుర్తు. రక్తం కూడా కొద్దిగా క్షారమే. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో మిరియాలలోని పైపరిన్‌తో కలిపి ఇస్తే రక్తంలో కుర్కుమిన్ 20 రెట్లు పెరిగింది. కాని పైపరిన్ ఇతర మందుల మోతాదును కూడా తారుమారు చేయగలదు. ఇలా గాఢత పెంచిన పసుపు మాత్రలు వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఇటలీలో, అమెరికాలో ఉన్నారు. కూరలో వేసుకునే పసుపుకు ఆ భయం లేదు.

ఇక జెల్ల ముల్లు సంగతి. దాని బాధలో సగం విషానిది. ఆ విషం ప్రోటీను కనుక వేడికి చెడిపోతుంది. చర్మం కాలకుండా, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేలు ముంచి ఉంచితే సలుపు తగ్గుతుంది. లోపల విరిగిన ముక్క ఉంటే తీయించాలి, సబ్బుతో కడగాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ధనుర్వాతం సూది వేయించుకోవాలి. పసుపు ముద్ద ఈ సూదికి బదులు కాదు. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఇంట్లో ఈ ఒక్క మాట చెప్పండి, మేమూ చెబుతున్నాం.