సగటును నమ్మి మోసపోకుడు
ప్రదర్శన ఫలితములను చదువు విధానము

గ్రామములో ప్రదర్శన జరిగిన తరువాత ఎందరు రైతులు కొత్త పద్ధతిని చేపట్టిరో లెక్క తీయుట పరిపాటి. ఆ లెక్కను సరిగా చదువనిచో, మంచి పద్ధతిని పనికిరానిదని త్రోసివేయుటయో, తప్పులేని రైతును నిందించుటయో జరుగును.

విత్తనశుద్ధి ప్రదర్శననే తీసికొనుడు. ఈ దిగువ అంకెలు లెక్క తెలియుటకు ఊహించినవి. ఒక్కొక్క తరగతిలో 100 మంది రైతులు కలరు.

మందు ఊరిలోనే దొరకు గ్రామములు: ప్రదర్శన చూడనివారిలో 30 మంది, చూచినవారిలో 60 మంది విత్తనశుద్ధి చేసిరి. పెరుగుదల 30.

మందు దొరకని గ్రామములు: చూడనివారిలో 10 మంది, చూచినవారిలో 14 మంది చేసిరి. పెరుగుదల 4.

ఈ రెండు పెరుగుదలల సగటు 17. దీనిని ప్రధాన ఫలితమందురు. కాని 17 అను పెరుగుదల ఏ ఊరిలోను కనబడలేదు! 30కిని 4కును గల తేడా 26. ప్రదర్శన బలము మందు లభ్యతను బట్టి ఎంత మారినదో ఈ అంకె తెలుపును. దీనిని షరతు ఫలితమనవచ్చును. ఇది పెద్దదిగా నున్నప్పుడు సగటును పట్టుకొని సలహా ఈయరాదు. ఒక్కొక్క తరగతిని విడిగా చెప్పవలెను.

కొందరు 60ని, 14ను మాత్రమే పోల్చి, తేడా 46 అందురు. అది పొరపాటు. ప్రదర్శన లేకున్నను 30కిని 10కిని 20 తేడా ముందే కలదు గదా! ఆ 20 తీసివేయగా మిగిలిన 26 మాత్రమే షరతు ఫలితము. కనుక చూడనివారి లెక్క తప్పక ఉండవలెను.

ఈ పద్ధతి పొలము నుండి వచ్చినదే. 1926లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ కేంద్రమున పనిచేయుచున్న ఆర్.ఏ. ఫిషర్, ఎరువులను ఒక్కొక్కటిగా గాక కలిపి పరీక్షింపవలెనని వివరించెను. అదే తర్కము మనుష్యుల నడవడికిని వర్తించును. పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న రైతులకు, కోత ముగిసి చేతిలో డబ్బున్నప్పుడే, పూర్తి ధరకు ఎరువును ఇంటికి ఉచితముగా చేర్చెదమని చెప్పగా వాడకము బాగుగా పెరిగినది. అదే సౌకర్యమును ఎరువు వేయు అదనులో చూపగా అంత ఫలితము రాలేదు. 2011లో ప్రచురితమైన ఈ పరిశోధనలో సమయమే షరతు.

మీ గ్రామములో లెక్క తీయునప్పుడు ఈ సంగతులు గుర్తుంచుకొనుడు:

1. ఏ షరతు ముఖ్యమో ముందే నిర్ణయించుకొనుడు. ఫలితము వచ్చిన పిమ్మట వెదకినచో ఏదో ఒక తేడా కనబడకపోదు.

2. ప్రదర్శనకు తమంతట వచ్చువారు ముందే ఆసక్తి గలవారు కావచ్చును. వీలైనచో చీట్లు వేసి ఎంపిక చేయుడు.

3. మందు దొరకు ఊరికి మంచి బాట, నీటివసతి కూడ ఉండవచ్చును. తేడా అంతయు మందు వలననే అని తొందరపడకుడు.

4. పదిమంది రైతుల లెక్కతో తీర్పు చెప్పకుడు.

పై లెక్కలోని 14 మందిని చూచి “ఈ ఊరి రైతులకు శ్రద్ధ లేదు” అనుట సులభము. కాని మందు కొరకు పట్నము పోవలసిన రైతు పని మానుకొనవలెను, బండి కూలి పెట్టవలెను. ఆ ఊరికి మరియొక ప్రదర్శన కంటె ముందు మందు చేర్చి చూడుడు. పిదప మరల లెక్క తీయుడు.