సాధకబాధకములు

పంచాయతీ సభ్యులకు వచ్చెడి ఆఫీసు కాగితములలో 'ప్రోస్ అండ్ కాన్స్' అను ఆంగ్ల పదబంధము కనిపించుచుండును. లాటిను భాషలో 'ప్రో' అనగా అనుకూలము, 'కాంట్రా' అనగా ప్రతికూలము. దీనికి మన 'సాధకబాధకములు' సరియైన మాట. 'ఆన్ ది వన్ హ్యాండ్' అన్నచోట చేతితో పనిలేదు. 'ఒక ప్రక్క' అని గ్రహింపవలెను. దాని వెంట 'మరియొక ప్రక్క' తప్పక రావలెను.

పెంటపాడులో ఒక రైతు వరిచేనును చేపల చెరువుగా త్రవ్వగోరగా, పంచాయతీ అభిప్రాయము అడిగిరనుకొందము. ఒక ప్రక్క అతని రాబడి. మరియొక ప్రక్క పొరుగు చేనిలోనికి ఊట, మురుగునీటికి అడ్డు, కూలీలకు నాట్లు, కోతల పని తగ్గుట. బాధకములను త్రవ్వకముందే విచారింపవలెనని మేము చెప్పుటకు కొల్లేరే సాక్ష్యము. అది 1999లో అభయారణ్యమైనది. 2006లో అందులోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే తెగగొట్టించినది. గట్లు వేయుటకు అయిన ఖర్చు నీటిపాలైనది.

ఇక 'సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్' అనగా గోడమీది పిల్లి వాటము. ఇరుప్రక్కల వినుట అది కాదు. విన్న పిదప తీర్మానము వ్రాయవలెను. ఎటు మొగ్గితిమో, ఎందుకు మొగ్గితిమో అందు చెప్పవలెను. కోరినది దక్కని రైతునకు ఆ కారణమైనను దక్కవలెను గదా!